సీసాలు ఊరికే పగలవు

మీ గోదాములో, ఎవరూ ముట్టని సీసా ఒకటి దానంతట అదే పేలితే, మీ కళ్లు మొదట ఎటు తిరుగుతాయి? సీసా వైపా, మనిషి వైపా?

తొందరపడి జవాబు చెప్పకండి. "సీసా వైపే" అని నాతో చాలామంది అన్నారు. వాళ్లలో సగం మందిని పేలిన రోజున నేను చూశాను. వాళ్ల మెడలు ఎటు తిరిగాయో నాకు తెలుసు.

నేను బీరు చేసినవాణ్ణి కాను. చేసిన బీరును సీసాల్లో నింపించి, మూతలు వేయించి, పెట్టెల్లో పేర్పించి, దుకాణాలకు చేర్పించినవాణ్ణి. నిజామాబాదు నుంచి బోధన్ పోయే తోవలో, నిజాంసాగర్ కాలువ పక్కన, చెరుకు తోటల నడుమ ఉండేది మా కార్ఖానా. చాలా చిన్నది. రెండు రేకుల షెడ్లు, ఒక బాయిలరు, ఒక కడుగుడు తొట్టి, ఒక లారీ. అరవయ్యో దశకంలో ఆ పక్కల బీరు అంటే జనం నవ్వేవారు. "తియ్యటి కల్లు ఇడిసిపెట్టి గీ చేదు నీళ్లకు పైసలు పెడ్తరా?" అనేవారు. అయినా షుగరు ఫ్యాక్టరీ క్వార్టర్ల వాళ్లు, రైల్వే వాళ్లు, పట్నంలో నాలుగు దినాలు తిరిగొచ్చిన పడుచువాళ్లు తాగేవారు. వాళ్ల మీదే బతికాం.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను కలిస్తే, ఎంత జీతముండేది, ఎప్పుడు పెద్ద పోస్టు వచ్చింది అని అడుగుతారు. ఆ సంగతులు నేను రాయను. అవి ఎవరికీ ఏమీ నేర్పవు. నాకు నేర్పినది ఒక రేకుల షెడ్డు, ఒక ఎండాకాలం, ఒక మనిషి.

మెడలో ఖాళీ

ముందు పని గురించి చెప్పాలి. పని తెలియకపోతే తర్వాత జరిగినది మీకూ దయ్యం కథలాగే కనిపిస్తుంది.

మాకు కొత్త సీసాలు కొనే తాహతు లేదు. పాతవి కొనేవాళ్లం. అవి ఎక్కడెక్కడ తిరిగి వచ్చేవో! ఒకదాంట్లో కిరసనాయిలు, ఒకదాంట్లో ఫినాయిలు, ఇంకోదాంట్లో ఎవరో పసిపిల్లకు పట్టిన ఆముదం. వాటిని బట్టల సోడా నీళ్లలో నానేసి, కుచ్చు బ్రష్షుతో తోమి, మంచి నీళ్లతో కడిగేవాళ్లు ఆడవాళ్లు. కడిగిన ప్రతి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడాలి. ఎండకెత్తి పట్టి గీతలు చూడాలి. లోతుగా గీత పడ్డ సీసా లోపలి ఒత్తిడికి ఆగదు. దాన్ని పక్కన పడేయాలి.

నింపేటప్పుడు మెడలో వేలెడు ఖాళీ వదలాలి. కొత్తగా చేరిన ప్రతివాడూ దీని మీద నాతో వాదించాడు. మా యజమాని మాణిక్‌రావు కూడా వాదించాడు. పాత దేశ్‌ముఖుల ఇంటివాడు, మనిషి మర్యాదస్తుడే. "ఏమయ్యా, ఖాళీ అమ్ముతున్నవా? దుకాణపోళ్లు నన్ను దొంగ అంటున్నరు" అనేవాడు. ఎండకు లోపలి బీరు ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు కావాలి. చోటు లేకపోతే గాజును తోసుకుని బయటికి వస్తుంది. అంతే సంగతి. కానీ ఖాళీ అనేది మనుషులకు నచ్చదు. ఖాళీ కనిపిస్తే నింపాలనిపిస్తుంది. సీసా మెడ అయినా, తెలియని కారణమైనా.

మూత వేశాక సీసాలను వేడినీళ్ల తొట్టిలో ముంచి ఉంచాలి. బీరును పులియబెట్టే ఈస్టు కంటికి కనిపించదు. కానీ ప్రాణమున్నదే. ఆ వేడికి అది చావాలి. చావకపోతే సీసా లోపల మళ్లీ పని మొదలుపెడుతుంది. తీపి దొరికితే తిని, గ్యాసు వదులుతుంది. మీరు మూత బిగించి పంపేశామనుకుంటారు. లోపల ఒకరు ఇంకా పని మానలేదు.

వెనక నుంచి ఈల

మా లారీ గౌస్ భాయ్ చేతిలో ఉండేది. గడ్డి పరిచి, పెట్టెల మీద తడి గోనె కప్పి, పొద్దు పొడవకముందే బయలుదేరాలి. సరుకు చేర్చడమంటే దూరంతో పోటీ కాదు, సూర్యుడితో పోటీ. బోధన్‌లో దుకాణం తలుపు తెరవడం ఆలస్యమైతే, సరుకు ఎండలో కూర్చుంటుంది. అందుకే నేను ఒప్పందం మాట్లాడే ముందు దుకాణదారు ముఖం చూసేవాణ్ణి కాదు, ఆయన షాపుకు చెట్టు నీడ ఉందా లేదా చూసేవాణ్ణి.

ఒకసారి గౌస్ భాయ్ లారీని చెరుకు తోటల మధ్య వదిలేసి కాలినడకన తిరిగొచ్చాడు. పట్టపగలే. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సాబ్, పీఛే కోయీ హై" అన్నాడు. "ఎనక ఎవలో ఈల వేస్తున్నరు. బండి ఆపితే ఆగుతలేదు. దిగి సూస్తే ఎవ్వలు లేరు. ఒక్క తాన గాదు, నాలుగు దిక్కుల నుంచి వేస్తున్నరు."

ఇద్దరం పోయాం. ఇరువైపులా మనిషి ఎత్తు చెరుకు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. లారీ దగ్గరికి పోయేసరికి నాకూ వినిపించింది. సన్నగా, తెగకుండా, పళ్ల సందులోంచి ఊదినట్టు. నా మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్న మాట నిజం. హేతువాదికి వెంట్రుకలు ఉండవని నేను ఎన్నడూ చెప్పలేదు.

గోనె ఎత్తి చూశాం. మూత సరిగ్గా పడని సీసాల అంచుల్లోంచి గ్యాసు సన్నగా బయటికి వస్తోంది. ఒక్కొక్కటీ ఒక్కో రాగం. గౌస్ భాయ్ ఒక మూతను బొటనవేలితో అదిమి పట్టాడు, ఈల ఆగింది. తీశాడు, మొదలైంది. కాసేపు పిల్లవాడిలా అట్లాగే ఆడుకున్నాడు. "అరె! నా భార్యకు గిట్ల మూత ఉంటే ఎంత బాగుండు సాబ్" అన్నాడు. ఆ నవ్వుతో ఆయన భయం పోయింది. భయం పోవాలంటే ఉపన్యాసం చాలదు. గోనె ఎత్తాలి, వేలు పెట్టాలి.

పోశెట్టి కన్ను

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. సరుకుకు గిరాకీ పెరిగింది. బాయిలరుకు మేం చెరుకు పిప్పి వాడేవాళ్లం. అప్పుడు దొరికినది పచ్చిది కాబట్టి మంట పట్టడం లేదు. మాణిక్‌రావు నన్ను పిలిచి, "గా వేడినీళ్ల స్నానం కొన్నాళ్లు బంద్ పెట్టు. మన బీరు వారం తిరగకముందే తాగేస్తుండ్రు. చావని ఈస్టు ఎవలిని ఏం జేస్తది?" అన్నాడు. నేను కాదన్నాను. ఆయన యజమాని. స్నానం ఆగింది.

కొన్నాళ్లకు గోదాములో మొదటి సీసా పేలింది. అది పేలినప్పుడు హమాలీ పోశెట్టి పెట్టె ఎత్తుతున్నాడు. గాజు ముక్క ఎడమ కంట్లో దిగింది. నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోయాం. కన్ను దక్కలేదు.

ఇది పనిలో ప్రమాదం. నష్టపరిహారం ఇచ్చి, కారణం వెతికి, వేడినీళ్ల స్నానం మళ్లీ మొదలుపెట్టాల్సిన సంగతి. కానీ ముందురోజు ఒక మాట పడింది.

మా కడుగుడు తొట్టి దగ్గర రాజవ్వ అని ఒకామె ఉండేది. మగడు పోయాడు, పిల్లలు లేరు. నోరు కొంచెం గట్టిది. ముందురోజు పోశెట్టి నడుస్తూ నడుస్తూ ఆమె కడిగి బోర్లించిన సీసాల గంపను కాలితో తన్నాడు. సగం పగిలాయి. ఆమె లేచి, "కండ్లు నెత్తికెక్కినయార నీకు? గా కండ్లు పోను!" అన్నది.

మన ఊళ్లలో పొద్దున లేస్తే ఎంతమంది ఎంతమందిని ఈ మాట అంటారు? తల్లులు పిల్లల్ని అంటారు. అందరి కళ్లూ ఉన్నాయి. పోశెట్టి కన్ను పోయింది కాబట్టి, ఆ ఒక్క మాటకు ముల్లు మొలిచింది.

మిట్టమధ్యాహ్నం

అక్కడి నుంచి పేలడం ఆగలేదు. అన్నీ మిట్టమధ్యాహ్నమే.

ఆ షెడ్డులో మధ్యాహ్నం ఎట్లా ఉండేదో చెప్తాను. హమాలీలు తిని బయట నీడలో ఒరిగేవారు. యంత్రం ఆపేవాళ్లం. రేకులు ఎండకు టక్ టక్‌మని కదిలేవి, పైన ఎవరో పాకుతున్నట్టు. ఆ తర్వాత చీకటి మూలలోంచి సన్నటి ఈల ఒకటి లేచేది. దానికి ఇంకోటి తోడయ్యేది. ఒక్కసారిగా అన్నీ ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దమే దారుణం. తర్వాత, ఢామ్! పక్క సీసాలకు దెబ్బ తగిలి మరి రెండు. నురగ నేల మీద పాకే శబ్దం. మళ్లీ ఏమీ లేదు.

హమాలీలు నిద్రపోయే వేళ గోదాము చివరి నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకోవడం రాజవ్వకు అలవాటు. వాళ్లు లేస్తే దారి ఇవ్వరని. కాబట్టి పేలే వేళకు అక్కడ ఉండే మనిషి ఆమె ఒక్కతే. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు సీసా పేలుతుంది, అదే వేళకు ఆమె నడుస్తుంది. జనం ఎండను లెక్కలోకి తీసుకోలేదు. ఎండ అందరిదీ కదా, ఎండ మీద పగ తీర్చుకోలేరు.

మూతలు బిగించే పని పోశెట్టి తమ్ముడు సాయిలుది. అన్న కన్ను పోయినప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. పక్క ఊరి నుంచి ఎల్లయ్య అనే భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఎల్లయ్య గోదాములో ఒక చుట్టు తిరిగి, రాజవ్వ తొట్టి దగ్గర నిలబడి, "గిది బాణామతి" అన్నాడు. చేతబడికి మన జిల్లాలో, అవతల మెదకు దిక్కునా వాడే మాట. "సీస మీద పెట్టలే, మనిషి మీద పెట్టింది. సీస నెపం" అన్నాడు.

మాణిక్‌రావు దగ్గరికి పోయాను. "మీరు నమ్ముతున్నారా?" అని అడిగాను.

"నేను నమ్మ. కానీ నమ్మేటోళ్లతోటి నాకు పని ఉన్నది" అన్నాడు.

ఎల్లయ్య కన్నా ఈయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఎల్లయ్య తన అబద్ధాన్ని తాను నమ్మేవాడు. ఈయన నమ్మకుండానే దానికి నీడ ఇచ్చాడు. మన దేశంలో మూఢత్వాన్ని బతికించేది నమ్మేవాళ్లు మాత్రమే కాదు. నమ్మకుండా ఊరుకునేవాళ్లు కూడా.

చీమలు

పేలిన గాజు ఊడ్చడం నా కళ్లెదుటే జరగాలని నియమం పెట్టాను. ఒకరోజు ఊడ్చిన కుప్ప మీద చీమల బారు కనిపించింది. బీరు చేదు. మా గోదాములో చీమలు నేను ఎన్నడూ చూడలేదు. దగ్గర కూర్చుని చూశాను. పగిలిన మెడలకు మూతలు ఇంకా బిగిసే ఉన్నాయి. చీమలు వాటి లోపలికి దూరుతున్నాయి. ఒక మూత విప్పి వాసన చూస్తే బెల్లం.

సాయిలును అడిగాను. దాచే ఉద్దేశమేమీ లేనట్టే చెప్పాడు.

"సాక సారూ. అమ్మోరికి."

పోచమ్మకు బెల్లం నీళ్లు ధారగా పోయడాన్ని సాక అంటారు. నేల మీద పోస్తారు, గడప ముందు పోస్తారు. అన్న కన్ను పోయినప్పటి నుంచి సాయిలు మూత వేసే ముందు సీసాల్లో చెంచాతో చిక్కటి సాక పోస్తున్నాడు.

"మరి మెడలో ఖాళీ?"

"ఖాళీ జాగల్నే గదా సారూ చెడ్డది చేరేది. నిండుగ ఉంటె ఎట్ల చేరుతది?"

"అన్నిట్లోనా?"

"ముందుగాల కొన్నిట్లనే పోసిన. పలుగుడు ఎక్కువైనంక అన్నిట్ల పోస్తున్న. మీరు తిడ్తరని చెప్పలే."

నాకు లెక్క తేలింది. లోపల చావని ఈస్టు. దానికి చెంచాడు బెల్లం. ఉబ్బే చోటు కూడా లేదు. పైన కాలే రేకులు. సీసాలు పేలుతున్నందుకు సాక పోస్తున్నాడు, సాక పోస్తున్నందుకు పేలుతున్నాయి, ఇంకా పేలుతున్నందుకు ఇంకా పోస్తున్నాడు. భయమే తన చేతులతో తన దయ్యానికి బువ్వ పెడుతోంది.

ఇదంతా సాయిలుకు వివరించాను. ఓపిగ్గా విన్నాడు. "బెల్లం పలగ్గొడ్తదా సారూ? గట్లయితే గడప ముందల పోస్తే గడప పలగాలె గదా" అన్నాడు.

రాజవ్వ అడిగినది

ఆ సాయంత్రం రాజవ్వ నా గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారూ, బజారునాడు నా పండ్లు పీకుతరట" అన్నది. బజారునాడంటే వారం సంత రోజు.

బాణామతి చేసిందని ఎవరి మీదన్నా నింద పడితే పళ్లు ఊడగొట్టడం అప్పటి పద్ధతి. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని. పెట్టెల మేకులు లాగే పట్కారు ఒకటి మా షెడ్డులో గోడకు వేలాడేది. ఆ పొద్దున నేను చూస్తే గోడకు లేదు.

"నేనుండగా ఎవరూ ముట్టరు" అన్నాను. అది ధైర్యం చెప్పడానికి అన్న మాట. ఆమెకూ తెలుసు.

"గది గాదు సారూ నేను అడగొచ్చింది." కొంగు వేలికి చుట్టుకుంది. "మనిషికి తెల్వకుంట, మనిషి లోపటి నుంచి ఏదన్న బయటికి పోయి పని జేస్తదా?"

నేను లేచి గుమ్మం దగ్గరికి వచ్చాను.

"నేను పోశెట్టిని గా మాట అన్న. మనసుల కోపముండె, లేదన. గప్పటి సంది నేను గా దారిల నడిస్తే ఊపిరి బిగవట్టి నడుస్తున్న. కొంగు నోట్ల కుక్కుకుంటున్న, ఏ మాట దాటకుంట. అయినా పలుగుతనే ఉన్నయ్. నేను ఆడికి వొయ్యేదాక ఊకుంటయ్, వొయినంక పలుగుతయ్. నేనేనా సారూ? నిజం చెప్పుండ్రి. నేనే అయితే పండ్లు పీకనీయుండ్రి."

నా ఉద్యోగంలో నేను చాలా పేలుళ్లు విన్నాను. నా బుగ్గ మీద ఒక గాజు గీత ఇప్పటికీ ఉంది. కానీ ఆ ప్రశ్నకు భయపడ్డంతగా దేనికీ భయపడలేదు. ఊరు ఒక మనిషిని దయ్యం అంటే అది అన్యాయం. ఆ మనిషి తనలో తాను దయ్యాన్ని వెతుక్కోవడం మొదలుపెడితే, అక్కడితో ఊరి పని పూర్తయినట్టే.

"నువ్వు కాదు" అన్నాను. "కానీ నేనన్నానని నమ్మకు. చూపిస్తాను."

రెండు తాళాలు

మర్నాడు కార్ఖానా ముంగిట్లో అందరి ముందూ సాయిలుకూ ఎల్లయ్యకూ నా షరతు చెప్పాను. గోదాము ఖాళీ చేస్తాం. అన్ని సీసాలూ రాజవ్వే కడుగుతుంది. అన్నీ సాయిలే నింపుతాడు. సగం సీసాల్లో వాడి సాక పోసి నిండుగా బిగించి ఎడమ గోడకు పేరుస్తాడు. సగం సీసాల్లో సాక పోయకుండా, మెడలో ఖాళీ వదిలి, వేడినీళ్లలో ముంచి కుడి గోడకు పేరుస్తాడు. తలుపుకు రెండు తాళాలు. ఒకటి నాది, ఒకటి సాయిలుది. బజారునాటి దాకా ఎవరూ లోపలికి పోరు.

ఎల్లయ్య నవ్వాడు. "పెట్టు సారూ. నాలుగు తాళాలు పెట్టు. గాలికి తాళమా?"

బజారునాడు మిట్టమధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా వచ్చి కూర్చున్నారు. కంటికి గుడ్డ కట్టుకుని పోశెట్టి కూడా వచ్చాడు. రాజవ్వ తన తొట్టి పక్కన బండ మీద, అందరికీ కనిపించేట్టు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సాయిలు నడుముకు పట్కారు ఉంది.

రేకులు టక్ టక్‌మనడం మొదలైంది. జనం మాటలు తగ్గాయి. తర్వాత, తాళం వేసిన షెడ్డులోంచి, మనిషి లేని చోటు నుంచి, ఈల లేచింది. ఒక ముసలామె రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుంది. ఈల రెండయింది, పదయింది, గుంపుగా ఊపిరి తీస్తున్నట్టయింది. ఆగింది.

ఢామ్!

ఇక్కడ మీరు నా మాట జాగ్రత్తగా వినాలి. పేలింది షెడ్డులో. అంతమంది ఉన్నారు. షెడ్డు వైపు చూసినవాడు ఒక్కడు లేడు. అందరి తలలూ ఒక్కసారిగా రాజవ్వ వైపు తిరిగాయి. మళ్లీ పేలింది. మళ్లీ ఆమె వైపే. ప్రతి పేలుడుకూ ఆమె ముఖం చూశారు, ఆమె పెదవి కదిలిందా అని. ఆమె పెదవులు బిగించుకుని, కళ్లు మూసుకుని, నిలువెల్లా వణుకుతోంది. చూసేవాళ్లకు ఆ వణుకే రుజువు.

"సూసిండ్రా?" అని ఎల్లయ్య లేచాడు. "కూసున్న కాడి నుంచే జేస్తున్నది!"

సాయిలు పట్కారు చేతిలోకి తీసుకుని లేచాడు. నేను అడ్డం పోయాను. నా గొంతు ఏమంటోందో నాకే వినిపించలేదు. అప్పుడు పోశెట్టి లేచాడు.

"ఆగుర. ముందుగాల తలుపు తీయి. నా కన్ను తిన్నదేందో నేను సూడాలె."

పేలడం ఆగేదాకా ఉండి, రెండు తాళాలూ తీశాం. ఎడమ గోడ పక్కన పెట్టెలు నుజ్జయి, నురగ మడుగు కట్టింది. కుడి గోడ పక్కన సీసాలు వరసగా, చెక్కు చెదరకుండా నిలబడి ఉన్నాయి.

పోశెట్టి మధ్యలో నిలబడి, ఉన్న ఒక్క కంటితో అటూ ఇటూ చూశాడు.

"ఎడమ దిక్కువి ఎవలు నింపిండ్రు?"

"నేనే అన్న."

"కుడి దిక్కువి?"

"అవ్వి గూడ నేనే."

"కడిగింది?"

"రెండు దిక్కులా రాజవ్వనే."

"మరి ఫరక్ ఏందిర?"

సాయిలు ఎడమ దిక్కు చెయ్యి చూపించాడు. "గియిట్ల సాక పోసిన" అన్నాడు. "గవిట్ల పొయ్యలే."

ఎల్లయ్య వదల్లేదు. వదలడు కూడా. ఏది జరిగినా తన మాటే నిజమని చెప్పగలగడమే ఆ విద్య. "అమ్మోరు సాక తాగి లేసింది! గందుకే పలిగినయ్!" అని అరిచాడు.

తలుపు దగ్గర నిలబడ్డ గౌస్ భాయ్ బీడీ తీసి, "ఎల్లయ్య భాయ్, తాగింది అమ్మోరు, పండ్లు రాజవ్వయి ఎందుకు పీకుడు?" అన్నాడు.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు గుంపు మీదుగా పాకింది. నేను చూపిన రుజువు చేయని పని ఆ నవ్వు చేసింది. సాయిలు చేతిలో పట్కారు కిందికి దిగింది.

అప్పుడు రాజవ్వ బండ మీద నుంచి లేచి లోపలికి వచ్చింది. గాజు ముక్కలున్నాయి, రావద్దన్నాను. వినలేదు. కుడి గోడ దగ్గరికి పోయి సీసాల వరసల నడుమ నిలబడింది. నోట్లో కొంగు లేదు. ఊపిరి బిగబట్టలేదు. పెద్దగా శ్వాస తీసి వదిలింది, ఇంకోసారి తీసి వదిలింది. ఒక సీసా ఎత్తి చెంపకు ఆనించుకుంది. రేకులు పైన టక్ టక్‌మంటూనే ఉన్నాయి. ఎండ తగ్గేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. జనం ఒక్కొక్కరే బజారుకు పోయారు.

"నేను గాదు" అన్నది. నాతో కాదు.

మిగిలినది

వేడినీళ్ల స్నానం మళ్లీ మొదలైంది. ఎండిన పిప్పి తెప్పించడానికి మాణిక్‌రావు ఒప్పుకున్నాడు. మెడలో ఖాళీ తిరిగొచ్చింది. సాయిలు సాక పోస్తానంటే గేటు బయట నేల మీద పొయ్యమన్నాను. నేల పేలదు. పట్కారు మళ్లీ గోడకెక్కింది.

మీరు ఇక్కడ చప్పట్లు కొట్టాలనుకుంటే ఆగండి. రాజవ్వకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. తొట్టి దగ్గర ఆమె పక్కన కూర్చుని సద్ది విప్పిన ఆడది మళ్లీ లేదు. ఆమె చేతి నీళ్లు ఎవరూ తాగలేదు. ఆమె వస్తుంటే తల్లులు పసిపిల్లల ముఖాల మీద కొంగు కప్పేవారు. ఆమె ఆ పని చేసినన్నాళ్లూ చేసింది, చేసినన్నాళ్లూ మంచిగా చేసింది. తర్వాత మెండోర దిక్కు చెల్లెలి దగ్గరికి పోయి అక్కడే చనిపోయింది. కబురు తెచ్చిన మనిషిని నేను ఒక్కటే అడిగాను, పళ్లున్నాయా అని. "అన్నీ ఉండె సారూ, చెరుకు గడ నమిలేది" అన్నాడు. నా ఉద్యోగంలో నేను సాధించింది ఏమిటని అడిగితే, నేను చెప్పగలిగింది అదే.

కార్ఖానా మూతపడి చాలాకాలమైంది. మొన్న ఆ తోవన పోతూ దిగాను. షెడ్డులో ఇప్పుడెవరో పసుపు బస్తాలు వేసుకున్నారు. ఎదురుగా బీడీల దుకాణంలో ఒక పడుచువాడు కూర్చున్నాడు. ఆ కాలానికి వాడు పుట్టలేదు. ఈ షెడ్డు ఎవరిదని ఊరికే అడిగాను.

"గది మంచి జాగ గాదు సారూ" అన్నాడు గొంతు తగ్గించి. "ఎనుకట రాజవ్వని ఒకామె ఉండెనట. సూపుతోని సీసలు పలగ్గొట్టేదట. పట్టపగలు ఇప్పటికి ఈల వినవడ్తది."

బెల్లం సంగతి వాడికి తెలియదు. కుడి గోడ సంగతి తెలియదు. పోశెట్టి అడిగిన ప్రశ్న తెలియదు. రుజువు చచ్చిపోయింది, దయ్యం బతికింది. దుకాణం ముందు నిలబడి, అంత ఎండలో, నాకు చలి వేసింది. ఎదురుగా షెడ్డు రేకులు టక్‌మన్నాయి. నేను కూడా తల తిప్పి, ఒకప్పుడు రాజవ్వ కూర్చున్న చోటు వైపు చూశాను. చూసి, నా మీద నాకే కోపం వచ్చి, ఆ పడుచువాణ్ణి లేపి, దుకాణం మూయించి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. వాడు నమ్మాడో లేదో తెలియదు. ఇంకోసారి పోతాను. మళ్లీ చెప్తాను.

ఇక మీ సంగతి. మీకు నాకన్నా మంచి సీసాలున్నాయి, మంచి బాయిలర్లున్నాయి, కొలిచే పరికరాలున్నాయి. అవేవీ తలలు తిరగకుండా ఆపవు. మీ గోదాములో ఏదో ఒకరోజు కారణం తెలియనిది ఒకటి పగులుతుంది, కాలుతుంది, చెడిపోతుంది. ఆ క్షణాన చప్పుడు వైపు చూడకండి. మీ మనుషుల తలలు ఎటు తిరిగాయో చూడండి. అటు నడవండి. వాళ్ల చూపులకూ ఆ మనిషికీ నడుమ పోయి నిలబడండి. గాజు ముక్కలు తర్వాత ఏరుకుందురు గానీ, ముందు అక్కడ నిలబడండి.